మంచుసీమలో తలుపు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వైజ్ఞానిక వ్యాస ప్రక్రియకు చెందినది. కెనడాలోని అతిశీతల ప్రాంతాలలో ఇంటి తలుపును అమర్చే విధానాన్ని, దానిని బాగుచేసే పద్ధతులను తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠం

తెలుగువారికి గడప పూజనీయం. పసుపు, కుంకుమలతో దానిని అలంకరిస్తారు. అయితే మన ఇళ్ళలో తలుపు గాలిని అడ్డుకోవాలని ఎవరూ కోరుకోరు. కెనడాలోని మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాలలో తలుపు ధర్మమే వేరు. అక్కడ శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం అరుదు కాదు. ఇంటిలో 20 డిగ్రీల వెచ్చదనం ఉంటే, తలుపుకు ఇరువైపుల 50 డిగ్రీల వ్యత్యాసం ఏర్పడుతుంది.

ఇంతటి చలిని అడ్డుకోవడానికి తలుపు మందంగా ఉంటే చాలదు. 203 సెంటీమీటర్ల ఎత్తు, 91 సెంటీమీటర్ల వెడల్పు గల తలుపు చుట్టుకొలత 588 సెంటీమీటర్లు. దాని చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు మిగిలితే, ఆ సందు వైశాల్యం సుమారు 176 చదరపు సెంటీమీటర్లు. అంటే తలుపులో 13 సెంటీమీటర్ల చతురస్రాకారపు రంధ్రం చేసినట్లే. వెచ్చని గాలి తేలిక కనుక పైసందుల గుండా వెలుపలికి పోతుంది; చల్లగాలి కింది సందుల గుండా లోనికి చొరబడుతుంది. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు ఈ సూత్రాన్ని ఏనాడో గ్రహించారు. తమ మంచు గృహాలలో పడుకునే తిన్నె కంటే దిగువన ప్రవేశమార్గాన్ని నిర్మించి, చల్లగాలిని అక్కడే నిలిపివేశారు.

కావున తలుపు అమర్చే శిల్పి దృష్టి ముందుగా ద్వారబంధంపై ఉంటుంది. రసమట్టంతో గడపను సరిచూస్తాడు. గుండు వేలాడదీసి నిలువు కమ్ములను పరీక్షిస్తాడు. మూలమట్టాల కోసం రెండు కర్ణాలను కొలిచి, అవి సమానమైన పిదపనే బిగిస్తాడు. కరిగిన మంచునీరు ఇంకి నేలచెక్క కుళ్ళకుండా, గడప కింద నీరు దిగని పొరను వెలుపలికి వాలుగా పరుస్తాడు. గోడకు, ద్వారబంధానికి మధ్య ఖాళీని స్వల్పంగా వ్యాకోచించే నురుగుతో నింపుతాడు. ఎక్కువగా ఉబ్బే నురుగు కమ్ములను లోనికి నెట్టి, తలుపు పడకుండా చేస్తుంది. గడప ముందు మంచు పేరుకొన్నా ఇంటివారు బందీలు కాకుండా, ప్రధాన ద్వారం సాధారణంగా లోనికి తెరచుకునేలా అమరుస్తారు.

మరమ్మతులో తొందర తగదు. మన ప్రాంతంలో వానకాలంలో కొయ్య తలుపు ఉబ్బి బిగుసుకుంటే వడ్రంగి చిత్రిక పడతాడు. అక్కడ వేసవిలో ఉబ్బిన తలుపును అలాగే చిత్రిక పడితే, శీతకాలపు పొడిగాలికి కొయ్య కుంచించుకొని సందు ఏర్పడుతుంది. ఒక ఋతువు బాధను తీర్చిన పని మరో ఋతువుకు శాపమవుతుంది. అందుకే ముందుగా బందుల మరలు వదులయ్యాయేమో చూడాలి. తలుపు అంచున ఒక కాగితం ఉంచి మూసి, లాగి చూడాలి. అది సులభంగా జారివస్తే అక్కడి రబ్బరు పట్టీ అరిగిందని గుర్తించి మార్చాలి. గడ్డకట్టిన తాళంపై వేడినీరు పోయరాదు. ఆ నీరే మరల గడ్డకడుతుంది.

అయితే సందులన్నీ మూసిన ఇంటికి ఊపిరి ఎలా? 1977లో రెజీనా నగరంలో నిర్మించిన సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ దీనికి సమాధానం చూపింది. వెలుపలికి పోయే గాలిలోని వేడిని లోనికి వచ్చే గాలికి అందించే యంత్రాన్ని అందులో అమర్చారు. గాలిని నిషేధించడం కాదు, దానికి తగిన మార్గం ఏర్పరచడమే గృహనిర్మాణ వివేకం.

కఠిన పదాలు - అర్థాలు

వ్యత్యాసం : తేడా
రసమట్టం : తలం సమంగా ఉన్నదీ లేనిదీ చూపే పనిముట్టు
కర్ణం : ఎదురు మూలలను కలిపే రేఖ
చిత్రిక పట్టు : కొయ్యను నునుపుగా చెక్కు

ప్రశ్నలు

1. అతిశీతల ప్రాంతంలో తలుపు అమర్చే విధానాన్ని వివరించండి.
2. "ఒక ఋతువు బాధను తీర్చిన పని మరో ఋతువుకు శాపమవుతుంది" - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. 'ఉష్ణోగ్రత' - విడదీసి, సంధి పేరు తెలపండి.