నీటిదారి – నగర ప్రణాళిక

గుంటూరు జిల్లాలోని కొల్లిపర మండలం కృష్ణానది పడమటి గట్టున ఉన్నది. నదికీ ఊళ్లకూ నడుమ కరకట్ట; దానికి లోపలి వైపు లంకభూములు, వెలుపల కాలువల కింద మాగాణి, అరటి, పసుపు తోటలు. 1855లో పూర్తయిన ఆనకట్టా, తరువాత 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజీ ఈ సీమను డెల్టాగా తీర్చిదిద్దాయి. ఏ చేను మెరక, ఏ చేను పల్లం, ఏ బోదె ఏ మురుగు కాలువలో కలుస్తుందనే సంగతి ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. అది తరతరాల అనుభవం వల్ల అబ్బిన తెలివి. ఆ తెలివినే శాస్త్రరీత్యా నేర్పి, దానిని నగర నిర్మాణానికి అన్వయింపజేసే స్నాతకోత్తర విద్య ఒకటున్నది. దానిని సుస్థిర నగర ప్రణాళిక అంటారు.

మన ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు ఉంటాయని, వాటిలో పురవర్ణన ఒకటని విద్యార్థులు వినే ఉంటారు. కవుల పురాలలో అగడ్తలు పాతాళాన్ని తాకుతాయి. మేడలు చంద్రమండలాన్ని ఒరుసుకుంటాయి. ఆ వర్ణనలను ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకు, ఆ పురవీథులలో కురిసిన వాన ఎటు పోయేదన్న సందేహం చాలా ఆలస్యంగా కలిగింది. కవికి ఆ ప్రశ్నతో పనిలేదు. ప్రణాళికా శాస్త్రం చదివేవారికి మాత్రం అదే తొలి ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరం నేలపై ఐదు సెంటీమీటర్ల వాన కురిస్తే సుమారు రెండు లక్షల లీటర్ల నీరు చేరుతుంది. డెల్టాలోని నల్లరేగడి నీటిని త్వరగా ఇంకించుకోదు. అయినా వరిమడికి గట్టున్నది కనుక ఆ నీరంతా మడిలోనే నిలిచి, పైరుకు హాని చేయకుండా మెల్లమెల్లగా మురుగులోకి జారుతుంది. అదే ఎకరం సిమెంటు బాటలతో, డాబాలతో నిండిపోతే పదింట తొమ్మిది వంతుల నీరు అప్పటికప్పుడే బయలుదేరుతుంది. పొలం నీటిని మోసిన పాత మురుగు కాలువ ఊరి నీటిని మోయలేదు. వరిమడి పంటనిచ్చే నేల మాత్రమే కాదు, జీతం అడగని చెరువు కూడా!

ఈ లెక్కను మరచినందుకు చెల్లించవలసిన మూల్యం 2024లో మన కన్నుల ఎదుటే కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కొల్లేటికి సాగిపోయే ఆ ఏటి పల్లపు భూములలోనే కాలక్రమాన కాలనీలు విస్తరించాయి. ఏటి నీటిని కృష్ణలోకి తరలించే మళ్లింపు కాలువ ఉన్నది గాని, నదియే పోటెత్తినప్పుడు కాలువ నీటికి దారి సుగమంగా దొరకదు. ఆ రోజులలోనే ప్రకాశం బ్యారేజీ నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. కొల్లిపర మండలంలోని లంకలు మునిగాయి. నగరం ఎగువనున్నా, పల్లె దిగువనున్నా నీరు మాత్రం ఒక్కటే.

రాజధాని అమరావతి విషయంలోనూ ఈ చర్చ సాగింది. 2014లో శివరామకృష్ణన్ కమిటీ, సారవంతమైన సాగుభూములను పెద్దయెత్తున నగరంగా మార్చడం పట్ల హెచ్చరిక చేసింది. 2015లో భూసమీకరణ ద్వారా రైతులు సుమారు ముప్పైనాలుగు వేల ఎకరాలు ఇచ్చారు. ఆ నేలను ఒరుసుకొని పారే కొండవీటి వాగు వరదను ఎత్తిపోయడానికి 2018లో ఉండవల్లి వద్ద పథకం నెలకొల్పారు. రాజధాని కావలసినదే, అయితే వాగును తోడే యంత్రాల ఖర్చును కూడా నగరం ఖరీదులో కలిపి చూపేవాడే నిజమైన ప్రణాళికాకర్త అని నా అభిప్రాయం.

1987లో బ్రంట్లాండ్ సంఘం తన నివేదికలో సుస్థిరాభివృద్ధిని నిర్వచించింది. రాబోయే తరాల అవసరాలకు భంగం కలుగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే దాని సారం. 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన లక్ష్యాలలో పదకొండవది నగరాలకు సంబంధించినదే. కాని ఈ భావన మనకు కొత్తది కాదు. 1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండ్ పండితుడు పాట్రిక్ గెడెస్, పరిశీలన ముందు, ప్రణాళిక తరువాత అని బోధించాడు. వెడల్పాటి బాటల పేరిట పాత వాడలను నేలమట్టం చేయడాన్ని ఆయన వ్యతిరేకించాడు. నేర్పరి అయిన శస్త్రవైద్యుడు చెడిన మేరకే కోస్తాడు కదా! 1919లో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

ఈ విద్య నేర్చేవారు తరగతి గదికే పరిమితం కారు. ఒక వాడను ఎంచుకొని గడపగడపకూ వెళ్లి వివరాలు సేకరిస్తారు; కూడలిలో నిలిచి వాహనాలను లెక్కిస్తారు; నేల ఎత్తుపల్లాలు, మట్టి, నీటిదారులు, జనసాంద్రత వేర్వేరు పటాలుగా గీసి ఒకదానిపై ఒకటి పరచి చూస్తారు. కంప్యూటర్ ఆ పని సులువు చేసింది గాని, పల్లం ఎక్కడున్నదో వాన రోజున కాళ్లతో నడిచి చూడవలసిందే.

విజయవాడలో 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ స్థాపితమైంది. 2014 నాటి చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. సాధారణంగా ఎం.ప్లాన్. రెండేళ్ల చదువు. ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ ఇంజనీరింగ్ పట్టభద్రులే కాక, భూగోళం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రంలో ఎం.ఎ. చేసినవారికి కూడా పలు సంస్థలు అవకాశమిస్తున్నాయి. కనుక ఇది లెక్కలు చదివినవారి సొత్తు మాత్రమేనని తక్కిన గ్రూపుల విద్యార్థులు వెనుదీయనక్కరలేదు.

తెనాలి నడుమ మూడు కాలువలు పారుతున్నాయి. దానికి ఆంధ్రా ప్యారిస్ అని పేరున్నది. ఆ పట్టణం నలువైపులా మాగాణి ఇళ్ల స్థలాలుగా మారుతున్నది. ఒకరు తమ చేనును మట్టితో మెరక చేస్తే, వాననీరు పక్క రైతు చేనులో నిలుస్తుంది. లేఅవుట్ అనుమతికై ఆ పటం ఒకనాడు కార్యాలయంలోని బల్లపైకి వస్తుంది. బాటల వెడల్పు సరిగా ఉన్నదా అని చూడడం ఎవరైనా చేయగలరు. ఈ బోదె ఇంతకుముందు ఎటు పారేది, ఇకపై ఎటు పారుతుంది, పక్క చేను రైతు ఏమన్నాడు అని అడగగలవారు ఆ బల్ల వెనుక కూర్చొనవలసి ఉన్నది.