“తిన్నావా?” అని అడిగే అలారం

వీడియోలో డొక్కా సీతమ్మ గారి గురించి చెప్పుకున్నాం కదా. అక్కడ టైమ్ చాలక వదిలేసిన ముక్క ఒకటి ఇక్కడ రాస్తున్నా.

రోజూ రాత్రి తొమ్మిదికి కొత్తపేట నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. “తిన్నావా నాన్నా?” ఒక రోజు రిలీజ్ టెన్షన్‌లో ఉండి, “రోజూ ఇదే ప్రశ్నా!” అని విసుక్కుని కట్ చేశా. మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేనే చేస్తే, “పనిలో ఉంటావేమోనని చెయ్యలేదురా” అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చారు. 1909లో కన్నుమూసేదాకా, ఏ వేళప్పుడు ఎవరొచ్చినా కులం, మతం అడక్కుండా అన్నం పెట్టారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆకలితో ఉన్నవాళ్ళు, సీతమ్మ గారింటికి చేరితే భోజనం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని, వెంటనే వెనక్కి తిరిగారని మన కోనసీమలో చెప్పుకుంటారు. ఆకలి మాట చెవిన పడటమే ఆవిడకి రిమైండర్!

“ఈ రోజు అందరితో మంచిగా ఉండాలి” అని పొద్దున్నే అనుకుంటే మధ్యాహ్నానికి మర్చిపోతాం. గుర్తు అనేది రోజూ చేసే పనికే ముడిపడి ఉండాలి. నేను పాటిస్తున్నవి ఇవి:

1. ఫోన్ మోగగానే ఒక్కసారి నిండుగా ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఎత్తాలి.

2. కోపంలో మెసేజ్ టైప్ చేస్తే, పంపే ముందు గీత 17వ అధ్యాయం 15వ శ్లోకం తలుచుకోవాలి. మాట ఎదుటివారిని కలవరపెట్టకూడదు. నిజమవ్వాలి, ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి. ఈ నాలుగు టెస్టులూ పాసైతేనే సెండ్!

3. పడుకునే ముందు, “ఈ రోజు ఎవరి మాట ఓపిగ్గా విన్నాను?” అని అడుక్కోవాలి. ఎవరూ గుర్తు రాకపోతే మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. దయ మనకీ కావాలి కదండీ. రేపు మళ్ళీ మొదలుపెడదాం.

ఇప్పుడు నా ఫోన్‌లో రాత్రి 8:55కి అలారం మోగుతుంది. దాని పేరు “తిన్నావా?”. అమ్మ చెయ్యకముందే నేనే చేసి అడుగుతున్నా. మొదటి రోజు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వేసింది.

మీ అలారానికి ఏం పేరు పెడతారో ఈ రాత్రే ఆలోచించండి. వచ్చే వీడియోలో కలుద్దాం. శుభం!