పౌరసత్వం: హక్కులన్నిటికీ పునాది

సాధారణ నియంతృత్వం వేరు, సర్వాధికార రాజ్యం వేరు. నియంత తనను ఎదిరించిన వారిని అణచివేస్తాడు. నోరు మెదపని వారిని చాలావరకు వారి మానాన వదిలేస్తాడు. సర్వాధికార రాజ్యం అలా వదలదు. కుటుంబం, బడి, వృత్తి, చివరికి ఆలోచన కూడా తన గుప్పిట్లోనే ఉండాలంటుంది. ఏ నేరమూ చేయని వారిని పుట్టుకను బట్టి శత్రువులుగా ప్రకటిస్తుంది. ఈ భేదాన్ని లోతుగా వివరించిన వారిలో హన్నా ఆరెంట్ ముఖ్యురాలు.

1906లో జర్మనీలోని యూదు కుటుంబంలో పుట్టిన ఆమె, నాజీలు అధికారానికి వచ్చిన 1933లోనే దేశం విడిచారు. 1951లో అమెరికా పౌరసత్వం లభించేదాకా ఏళ్ల తరబడి ఏ దేశానికీ చెందని మనిషిగా బ్రతికారు. సర్వాధికార వ్యవస్థ పుట్టుకపై ఆమె రాసిన గ్రంథం కూడా 1951లోనే వెలువడింది.

జర్మనీలో దారుణం ఒక్కరోజులో జరగలేదు. 1933లో యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టం వచ్చింది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు వారి పౌర హక్కులను తీసివేశాయి. 1941 నవంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, దేశం వెలుపల నివసించే యూదులు జర్మన్ జాతీయతనూ, ఆస్తినీ కోల్పోయారు. బలవంతంగా సరిహద్దు దాటించిన వారికీ ఇదే వర్తించింది. ప్రతి మెట్టూ చట్టం పేరుతోనే!

ఆరెంట్ దీని నుండి తీసిన పాఠం ఇది: మానవ హక్కులు పుట్టుకతో వస్తాయని ఎంత చెప్పినా, తనవాడని ఒప్పుకునే రాజ్యం లేని మనిషికి వాటిని ఇప్పించే దిక్కుండదు. ప్రతి వ్యక్తికీ జాతీయత కలిగివుండే హక్కు ఉందని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 15వ అధికరణలో చేర్చారు.

మన రాజ్యాంగంలో 14, 21 అధికరణలు పౌరులకే కాదు, వ్యక్తులందరికీ రక్షణనిస్తాయి. కానీ 19వ అధికరణలోని వాక్, సభా స్వాతంత్ర్యాలు పౌరులకే. ఓటు హక్కూ అంతే.

హిజ్రత్ (క్రీ.శ. 622) అనంతరం ప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో చేసిన ఒడంబడిక, యూదులను వారి ధర్మంపై వారిని ఉండనిస్తూనే విశ్వాసులతో కలిపి ఒకే సమాజంగా గుర్తించింది, నగర రక్షణను ఉమ్మడి బాధ్యత చేసింది. అది నేటి పౌరసత్వం కాకపోవచ్చు. కానీ మతం వేరైనంత మాత్రాన మనిషి పరాయివాడు కాడన్న సూత్రం అందులో ఉంది.

కనుక మన కర్తవ్యాలు రెండు. మొదటిది, బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని నమోదు చేయించడం, ఓటర్ల జాబితాలో పేరు సరిచూసుకోవడం. చదువురాని పేదవానికి దరఖాస్తు నింపిపెట్టడం కూడా సదఖాయే. రెండవది, అన్యాయంగా ఎవరి పేరు కొట్టివేసినా, వారు ఏ మతం వారైనా, వారి పక్షాన చట్టబద్ధంగా నిలబడటం. పొరుగువాని హక్కు పోతుంటే మౌనంగా చూసిన సమాజం తన హక్కును కాపాడుకోలేదు.