వెడలిపోవు శక్తి – తిరిగివచ్చు ద్రవ్యము

సాయంసమయమున చెరువుగట్టుపై నిలిచి చూచువానికి ఒకవైపు నీరు, మరియొకవైపు వరిచేలు, నడుమ తూము మాత్రమే కనిపించును. కాని జీవప్రపంచమును నడుపు రెండు నియమములు ఆ చిన్న దృశ్యమునందే పనిచేయుచున్నవి. శక్తి వచ్చి, పనిచేసి, వెడలిపోవును, మరల రాదు. ద్రవ్యము మాత్రము చేతులు మారుచు తిరుగుచుండును. ఈ భేదమును గ్రహించినచో ప్రకృతి మనకు దానముగా ఇచ్చునదేదియో, అప్పుగా ఇచ్చునదేదియో తేటపడును.

ముందుగా శక్తిని గూర్చి విచారింతము. నీటిలోని నాచు, గట్టుమీది గడ్డి, చేనిలోని వరి తమ పత్రహరితముతో సూర్యకాంతిని గ్రహించి, బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపి ఆహారముగా మార్చుకొనుచున్నవి. తమపై పడిన కాంతిలో అవి ఇట్లు నిలుపుకొనునది సాధారణముగా నూటికి ఒక పాలు, లేక అంతకన్న తక్కువ. ఆ నాచును సన్నని నీటిపురుగులు తినును. వానిని చిన్నచేపలు, చిన్నచేపలను కొరమీను తినును. ప్రతి జీవియు తాను తిన్నదానిలో అధికభాగమును కదలుటకును, ఊపిరి పీల్చుటకును, దేహమును నిలుపుకొనుటకును వెచ్చించును. కొంత అరుగక బయటకు పోవును. నాచులో 1000 పాళ్ల శక్తి యున్నదనుకొన్నచో, నీటిపురుగుల దేహములలో సుమారు 100 పాళ్లు, చిన్నచేపలలో 10, కొరమీనులో 1 మాత్రమే నిలుచును. ఇది స్థూలమైన లెక్క; వాస్తవమున ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు చేరునది నూటికి 5 మొదలు 20 వరకు మారుచుండును. అమెరికాలోని మినసోటా రాష్ట్రమున ఒక చిన్న బురదకొలనును పరిశోధించి ఈ మెట్ల విచారణకు పునాది వేసినవాడు రేమండ్ లిండెమన్. 1942లో ఆతని వ్యాసము అచ్చగుటకు ముందే, తన 27వ యేట, ఆతడు మరణించెను.

వెచ్చమైన శక్తి వేడిగా మారి, నీటిలోను గాలిలోను వ్యాపించి, తుదకు ఆకాశమున కలిసిపోవును. ఆ వేడిని ఏ మొక్కయు మరల ఆహారముగా మార్చజాలదు. కావుననే చెరువులో నాచు మెండు, కొరమీనులు కొలది. కావుననే రేపటి బ్రతుకునకు రేపటి సూర్యోదయము కావలెను.

ద్రవ్యము రీతి వేరు. నత్రజని, భాస్వరము, పొటాషియము మొదలగు పోషకములను సూర్యుడు దినదినమును పంపుట లేదు. ఉన్నవే తిరుగవలెను. నేడు వరిగింజలోనున్న భాస్వరము ఒకనాడు చేప యెముకలో ఉండియుండవచ్చును. చచ్చిన జీవులను, రాలిన ఆకులను బురదలోని సూక్ష్మజీవులు విడదీసి, వానిలోని పోషకములను మరల వేళ్లకు అందునట్లు చేయుచున్నవి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే అయినను, మొక్కలు దానిని నేరుగా గ్రహింపలేవు. పెసర, మినుము, జనుము వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు దానిని పట్టి మొక్కకు అందించును. వరిమడిలో నీలిఆకుపచ్చ నాచు అట్టి పనినే చేయుచున్నదని పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1939లో వెల్లడించెను. భాస్వరమునకు ఇట్టి గాలిదారి లేదు. అది శిలనుండి మట్టికి, మట్టినుండి ఏటికి, ఏటినుండి సముద్రమునకు పోవును. సముద్రగర్భమున పేరుకొన్నది మరల శిలయై పైకి వచ్చుటకు కోట్ల సంవత్సరములు పట్టును.

మన రైతులు ఈ శాస్త్రమును చదువకయే దాని ననుసరించిరి. వానలకు కొట్టుకొనివచ్చిన పొలముల సారము చెరువులో ఒండ్రుగా దిగును. వేసవిలో చెరువెండగా ఆ మట్టిని బండ్లతో చేలకు తోలుకొనెడివారు. పైరు గ్రహించిన పొటాషియములో అధికభాగము గడ్డిలోనే యుండును. ఆ గడ్డి పశువులకు, పేడ పెంటకుప్పకు, ఎరువు చేనికి చేరెడిది. కాకతీయుల కాలమున, 13వ శతాబ్దిలో వెలసిన రామప్ప, పాకాల చెరువులు నేటికిని పొలములకు నీరందించుచున్నవి. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము చెరువుల పూడిక తీయించి, ఆ మట్టిని పొలములకు చేర్చు పాతపద్ధతిని మరల చేపట్టెను.

అయినను ఈ చక్రము పెక్కుచోట్ల తెగిపోవుచున్నది. ఒక టన్ను ధాన్యము పండించుటకు వరిపైరు సుమారు 15 మొదలు 20 కిలోల నత్రజనిని, 2 మొదలు 3 కిలోల భాస్వరమును తీసికొనును. ధాన్యము నగరమునకు పోవును; తిన్నవారి శరీరములనుండి ఆ పోషకములు మురుగుకాలువలో పడును; చేనికి తిరిగిరావు. హైదరాబాదులోని హుస్సేన్‌సాగరము ఇందుకు నిదర్శనము. దశాబ్దులుగా చేరిన మురుగుచే అందు నాచు, గుర్రపుడెక్క విపరీతముగా పెరిగినవి. నాచు చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోయి చేపలు మరణించును. చేనికి బలమిచ్చు పదార్థమే చెరువునకు చేటైనది. పదార్థమున దోషము లేదు. అది దారి తప్పినది. అచట పోగొట్టుకొన్నదానిని పూరించుటకు మనము బస్తాలతో ఎరువు కొనుచున్నాము. అందులకు కావలసిన ఫాస్ఫేటు శిలలో అధికభాగమును మన దేశము పరదేశములనుండి తెప్పించుకొనుచున్నది.

భగవద్గీత మూడవ అధ్యాయమున అన్నము, వర్షము, కర్మము ఒక చక్రముగా చెప్పబడినవి. ఆ చక్రము ననుసరింపక అనుభవించువాని బ్రతుకు వ్యర్థమని తెలుపబడినది. అది ప్రకృతిశాస్త్రముగా చెప్పిన మాట కాదు. అయినను పుచ్చుకొన్నదానిని తిరిగి ఇయ్యవలెనను ధర్మము రెంటికిని సమానము. సూర్యకాంతిని తిరిగి ఇచ్చుట మన చేతిలో లేదు, అది దానము. మట్టినుండి తీసికొన్నది మాత్రము అప్పు. వరిగడ్డిని తగులబెట్టక నేలకు చేర్చుట, వంటయింటి తుక్కును ఎరువుగా మార్చుట, మురుగును శుద్ధిచేసి అందలి సారమును పొలమునకు మరలించుట — ఇవియే ఆ అప్పు తీర్చు మార్గములు. వీనిలో మొదటి రెండును ఏ ప్రభుత్వపు ఆజ్ఞ కొఱకును వేచియుండనక్కరలేదు. నేడే మన యింటను, మన చేనియందును ఆరంభింపవచ్చును.