శస్త్రచికిత్సకు ముందు వృద్ధులకు శ్రావ్యనాదము

అవ్వకు కంటిపొర తీయించుటకో, తాతకు తుంటియెముక సరిచేయించుటకో బళ్ళారికి పోవుట మన సంగనకల్లువారికి క్రొత్త కాదు. అయితే శస్త్రచికిత్స జరుగు సమయముకంటె దానికై నిరీక్షించు సమయమే వృద్ధులకు కష్టతరము. కడుపు ఖాళీ, మంచము క్రొత్తది, చుట్టును వినబడు మాట సగము అర్థమై సగము కాదు. ఆ సమయమున చెవికి ఇంపైన నాదము మేలు చేయునా?

భయము మనస్సుతో ఆగునది కాదు. మెదడు హెచ్చరింపగా, మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, రక్తపుపోటు హెచ్చును. పోటు మితిమీరినచో చికిత్స వాయిదా పడవచ్చును. భయము నణచుటకు మిడజోలం వంటి మందులు కలవు గాని, ముదిమిలో అవి శ్వాసను మందగింపజేయవచ్చును, మతి తడబడజేయవచ్చును. కావుననే వైద్యులు సంగీతమువైపు చూచిరి.

అమెరికాలో ఎవాన్ కేన్ అను శస్త్రవైద్యుడు 1914లోనే తన శస్త్రచికిత్సాగదిలో ఫోనోగ్రాఫ్‌ను ఉపయోగించెను. 2009లో ప్రకటితమైన స్వీడను దేశపు పరిశోధనలో 372 మంది రోగులను రెండు వర్గములుగా విభజించి, ఒకరికి మిడజోలం, మరియొకరికి సంగీతము ఇచ్చిరి. సంగీతము విన్నవారికే ఆందోళన ఎక్కువగా తగ్గెను! 2013లో కాక్రేన్ సంస్థవారు 26 పరీక్షలను, అనగా 2,051 మంది అనుభవమును, కలిపి పరిశీలించిరి. ఆందోళనను 20 నుండి 80 వరకు కొలుచు ప్రశ్నావళిలో సంగీతము విన్నవారికి సగటున 6కు కొంచెము తక్కువగా దిగినది. ఇది స్వల్పమే. పైగా తాను పాట వినుచున్నట్లు రోగికి తెలియును గనుక, ఈ కొలతలను కొంత జాగ్రత్తగానే నమ్మవలెను. ఆ పరీక్షలన్నియు వృద్ధులపైననే జరిగినవియు కావు.

ఎట్టి నాదమైనను శాంతి నీయదు. మన కుప్పగల్లు గుట్టపై నల్లరాళ్ళను గట్టిరాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. నవీన శిలాయుగమువారు కొట్టిన గుంటలు నేటికిని వానిపై కానవచ్చును. ఆ మ్రోత జనమును కదిలించుటకు తగునేమో గాని, భయపడిన అవ్వకు తగదు. ఆమెకు నిమిషమునకు 60 మొదలు 80 తాళముల నెమ్మది నడక, హఠాత్తుగా పెరగని స్వరము కావలెను. వయస్సుతో ముందు తగ్గునది సన్నని హెచ్చు స్వరముల వినికిడి. కనుక కీచుగొంతుకంటె మంద్రస్వరము మేలు.

అన్నిటికంటె ముఖ్యము పరిచయము. 2022లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో 60 ఏండ్ల స్త్రీకి, మెలకువగా నుండగనే, మెదడులోని కణితిని తొలగించిరి. ఆమెకు ప్రియమైన చిరంజీవి చిత్రము ‘అడవి దొంగ’ను చూపుచు, ఆమెతో మాటలాడుచు పని సాగించిరి. మాటాశక్తి చెడకుండునట్లు కనిపెట్టుటకును ఆ సంభాషణ అవసరమే. చికిత్సకు ముందు కూర్చున్న వృద్ధులకును ఎరిగిన గొంతే ఊరట. మన ప్రాంతమున అన్నమయ్య పదములతోపాటు పురందరదాసు కన్నడ కీర్తనలును నోటికి వచ్చిన అవ్వలు కలరు. ఏ భాషది కావలెనో ఆమెయే చెప్పవలెను, మనము నిర్ణయింపరాదు.

కావున బాలబాలికలారా, ముందురోజు సాయంకాలమే అవ్వ నడిగి ఆరేడు పాటలు ఫోనులో సిద్ధము చేయుడు. ప్రకటనలు నడుమ రాకుండ చూచుకొనుడు. పక్కమంచమువారికి ఇబ్బంది కలుగకుండ చెవిగొట్టములు పెట్టుడు. కాని నర్సు పిలిచినప్పుడు వినబడునంత మెల్లగా నుండవలెను. ఆమె వద్దన్నచో వెంటనే ఆపుడు. పాట యున్నది గదా యని వైద్యుడు వ్రాసిన మందును మానిపింపరాదు. వినికిడి యంత్రము వాడువారైనచో, దానిని ఎప్పటివరకు ఉంచవచ్చునో నర్సు నడిగి తెలిసికొనుడు.