వకాల్తా: నల్లకోటు వేసుకున్నాక చేతికొచ్చే మొదటి కాగితం

అడక్కుండానే ఎవరి తరఫునైనా మాట్లాడితే ‘నువ్వేమన్నా వాడి వకాల్తా పుచ్చుకున్నావా?’ అని దెప్పుతారు. ఆ దెప్పుడులో న్యాయసూత్రమే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు నాలుగో రూలు చెప్పేదీ దాదాపు అదే. కక్షిదారు సంతకంతో రాతపూర్వక నియామకం దాఖలు కానిదే ప్లీడరు అతని తరఫున కేసు నడపడానికి వీల్లేదు.

వకాల్తా అన్న మాట అరబ్బీది, పారశీకం మీదుగా మన కోర్టులకు చేరింది. వకాలత్ అంటే మన పనిని మరొకరికి అప్పగించడం. పుచ్చుకున్నవాడు వకీలు. మొగలుల కాలంలో వకీలు కోర్టు మనిషే కానక్కర్లేదు, దర్బారులో ఒక రాజు తరఫున మాట్లాడే ప్రతినిధినీ అలాగే పిలిచేవారు. 1793లో కారన్‌వాలిస్ హయాంలో బెంగాల్‌లో వచ్చిన ఏడో రెగ్యులేషన్, కంపెనీ కోర్టుల్లో వాదించే వకీళ్లకు నియమాలు పెట్టి దాన్నొక వృత్తిగా మార్చింది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం వచ్చాక కొత్తగా నమోదయ్యే వారంతా అడ్వకేట్లే. కాగితం మాత్రం పాత పేరు వదల్లేదు.

సీనియర్ దగ్గర చేరిన కుర్ర లాయరుకు తొలిరోజుల్లో వాదనలెవరూ అప్పగించరు. వకాల్తా ఫారం ఇస్తారు. ఖాళీలు నింపి, కక్షిదారు చేత సంతకం పెట్టించి, న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు అంటించి దాఖలు చేయాలి. గుమాస్తా పనేగా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సుప్రీంకోర్టు అలా తీసుకోలేదు. ఉదయ్ శంకర్ త్రియార్ కేసులో 2005లో ఇచ్చిన తీర్పులో వకాల్తాల్లో తరచూ దొర్లే లోపాలను ఏకరువు పెట్టింది: సంతకం ఎవరిదో పేరుండదు, తేదీ ఉండదు, సంస్థ తరఫున సంతకం చేసినవారి హోదా తెలియదు, కేసు ఒప్పుకున్నట్టు లాయరు సంతకమూ కనిపించదు. ఇలాంటి లోపాలను సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలనీ అదే తీర్పు చెప్పింది. జూనియర్‌గా చేరబోయేవారు ఒకసారైనా చదవదగ్గ తీర్పిది, పెద్దదేమీ కాదు.

అధికారం చేతికొచ్చిందని కేసంతా లాయరు సొంతమైపోదు. కక్షిదారు స్పష్టంగా చెప్పకుండా అతని హక్కులు వదులుకునే రాయితీలు ఇవ్వకూడదని 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు బాకీ ఉందని ఫైలు అట్టిపెట్టుకోవడమూ కుదరదు. ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే ఆ సంగతి తేలిపోయింది.

ఇక వకాల్తా పుచ్చుకునే అర్హత ఎలా వస్తుంది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ న్యాయ కోర్సులకు లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఇంటర్ చదివినవారికి ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయినవారికి మూడేళ్లది. హైదరాబాద్ నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయంలో, విశాఖ దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల కోర్సులో చేరాలంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదు. చట్టం ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి.

జడ్జి కావాలనుకునేవారికి 2025 మేలో లెక్క మారింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చింది. ఆ మూడేళ్లు బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు (బార్ పరీక్షకు ముందుది) తేదీ నుంచే లెక్కకొస్తాయి. అందుకని పట్టా చేతికి రాగానే బార్ కౌన్సిల్ దరఖాస్తు పెట్టేయడం మేలు.