మూగజీవుల కన్నులు

పశువు నోరులేని జీవి. తన బాధను అది చెప్పుకొనజాలదు. వికారాబాదు జిల్లా బొంరాస్‌పేట వంటి పల్లెలలో ఎద్దు కంట నీరు కారినను, కంటిలో తెల్లని పువ్వు వేసినను రైతు మనసు కలవరపడును. ముల్లు గ్రుచ్చుకొనెనో, ఈగలు తెచ్చిన కండ్లకలకయో, లోపల పురుగు చేరెనో, కంతియే పుట్టెనో పైచూపునకు తెలియదు. కారణమెరుగక చేసిన వైద్యము చీకటిలో విసరిన రాయి వంటిది.

రోగము వలన శరీరభాగములలో కలుగు మార్పులను పరీక్షించి, కారణమును నిర్ణయించు శాస్త్రమునకు పెథాలజీ అని పేరు. హైదరాబాదులో 1946లో ఆరంభమై, నేడు రాజేంద్రనగరులో నున్న పశువైద్య కళాశాలలో విద్యార్థులందరును దీనిని అభ్యసింతురు.

పశువుల కంటి వ్యాధులయందు విశేషశ్రద్ధ వహించి, ఈ శాస్త్రమును పెంపొందించిన ఆచార్యులలో అమెరికా దేశీయుడైన రిచర్డ్ డూబెల్జిగ్ ఒకరు. ఆయన మాడిసన్ నగరమందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకులుగా పనిచేసిరి. ఇక బాగుపడదని వైద్యుడు తీసివేసిన కన్ను మట్టిలో కలిసిపోవలసినదేనా? అందులో నేర్చుకొనదగినది మిగిలి యున్నది గదా! ఈ దృష్టితో 1983లో ఆయన అచ్చట ఒక ప్రయోగశాలను నెలకొల్పిరి. కుక్కలు, పిల్లులు, గుఱ్ఱములు మొదలగు అనేక జంతువుల కన్నులను వైద్యులు అచ్చటికి పంపసాగిరి. క్రమముగా అవి వేలకొలది చేరెను.

ఆ పరీక్షకు ఓర్పు కావలెను. కన్ను కుళ్లకుండ మొదట ఫార్మలినులో ఉంచుదురు. పిదప మైనములో పొదిగి, మిల్లీమీటరులో వెయ్యింట నాలుగైదు వంతుల మందము గల పొరలుగా కోయుదురు. మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి తీసిన హెమటాక్సిలిన్ అను రంగును, ఎఱ్ఱని ఇయోసిన్ రంగును వానికి పట్టింతురు. అప్పుడు కణముల నడిబొడ్డులు నీలముగను, తక్కిన భాగము గులాబి వన్నెగను సూక్ష్మదర్శినిలో కనబడును.

ఇట్టి పరిశీలన వలన కలిగిన మేలునకు ఒక నిదర్శనము కలదు. దెబ్బతగిలిన పిల్లి కంటిలో ఏండ్లు గడచిన పిదప ప్రమాదకరమైన పుండుకంతి పుట్టవచ్చునని 1984లో డూబెల్జిగ్ మూడు పిల్లుల వృత్తాంతముతో ప్రకటించిరి. ఆ కన్నులలో కటకము చినిగియుండుట తరచుగా కనబడును. అందుండి వెలువడిన కణములే కంతిగా పెరుగునని శాస్త్రజ్ఞులు భావింతురు. అది కంటి నరము వెంట మెదడు వైపు ప్రాకవచ్చును. కాబట్టి దెబ్బతిని చూపు పోయి కుదించుకొనిపోయిన పిల్లి కన్నును ఉపేక్షింపరాదనియు, ముందుగనే తీసివేయుట మేలనియు వైద్యులు సలహా ఇత్తురు. మానిన గాయమని ఊరకుండినచో ప్రాణమునకే ముప్పు!

2010లో డూబెల్జిగ్ మరి ముగ్గురితో కలిసి పశునేత్ర వ్యాధులను గూర్చి ఒక గ్రంథమును వెలువరించిరి. ఏండ్ల తరబడి కూర్చిన అనుభవము ఆ విధముగా దేశదేశముల విద్యార్థులకు అందెను.

పెథాలజీ పండితుని బల్లమీదికి వచ్చిన కన్ను మరల చూడజాలదు. ఆ జీవికి ఆయన చూపునీయలేరు. కాని అది నేర్పిన సత్యము, ఎన్నడును చూడని మరియొక జీవి కన్నును, ప్రాణమును కాపాడును. రేపు మన పల్లెలో ఎద్దు కన్ను పరీక్షించు వైద్యుని చేతిలోని వెలుగు అట్టి ఓర్పునుండి వచ్చినదే.